మన గల్లీ దుకాణములు : ఒక వీధి పాఠము

పాఠ్యపుస్తకములలో సంతను గూర్చియు, తిరునాళ్ళను గూర్చియు పాఠములు కలవు. అవి మంచి పాఠములే. కాని అందలి చెరువుగట్టును, మఱ్ఱిచెట్టును ముంబాయి చాళ్ళలో పుట్టి పెరిగిన మన బాలబాలికలు నిత్యము చూచునవి కావు. వారు చూచునది గల్లీ. బడికి వచ్చునప్పుడును, ఇంటికి మరలునప్పుడును వారి యెదుట తెరచియుండు పుస్తకము దుకాణముల వరుసయే. ఆ పుస్తకమును చదువు విధమును ఈ వ్యాసమున చెప్పదలచితిమి.

ఇందుకు మఱియొక కారణము కలదు. చిరునామా వ్రాయుమన్నపుడు మన విద్యార్థులలో కొందరు ‘కామాఠీపుర’ అని వ్రాయుటకు వెనుదీసి, ‘ముంబాయి సెంట్రల్’ అనియో, ‘నాగ్‌పాడా’ అనియో వ్రాయుదురు. అట్లు వ్రాయుట ఎందుకో పెద్దలెఱుగుదురు. కావున మొదట ఆ పేరునే పరిశీలింతము.

1. పేరు

మరాఠీలో ‘కామాఠీ’ అనగా కట్టడములు మొదలగు పనులలో కూలిచేయువాడు. తెలుగున ‘కమతము’ అనగా సేద్యము. కమతగాడు సేద్యపు పనివాడు. ఈ రెండు మాటలకును చుట్టరికము కలదని కొందరందురు. పని అను నర్థముగల ‘కామ్’ నుండి వచ్చినదని మఱికొందరందురు. ఏది నిజమైనను, ఆ పేరున నున్నది చెమటోడ్చి బ్రతుకు మనుష్యుడే.

బొంబాయి ఒకప్పుడు ఏడు దీవులు. మహాలక్ష్మికిని వర్లీకిని నడుమ నున్న గండినుండి సముద్రము పోటువేళ లోనికి వచ్చి పల్లపు నేలలను ముంచుచుండెను. విలియం హార్న్‌బీ గవర్నరుగా నున్న కాలమున, 1784 ప్రాంతమున, ఆ గండికి కట్ట వేసిరి. దానికి హార్న్‌బీ వెల్లార్డ్ అని పేరు. పిమ్మట ఈ పల్లములు క్రమముగా మెరకచేయబడి నివాసయోగ్యములయ్యెను. 18వ శతాబ్ది చివరినుండి నైజాము రాజ్యపు తెలుగు పనివారు వచ్చి ఇచట కాపురముండిరి. వారు రాళ్ళు మోసిరి, సున్నము కలిపిరి, బాటలు వేసిరి. వారి పేరే ఈ పేటకు నిలిచినది.

అట్టివారిలో కొందరు గుత్తేదారులై పేరుగాంచిరి. 1873 సెప్టెంబరు 24న జ్యోతిరావు ఫూలే పూనాలో సత్యశోధక సమాజమును స్థాపించెను. బొంబాయిలో ఆయనకు అండగా నిలిచినవారిలో వ్యంకు బాళోజీ కాళేవార్, జయా కరాడీ లింగు వంటి తెలుగు గుత్తేదారులు కలరు. 1888 మే 11న బొంబాయిలోని మాండ్వీ కోళీవాడలో జరిగిన సభలోనే ఫూలేకు ‘మహాత్మ’ బిరుదము లభించినది.

19వ శతాబ్దమున బ్రిటిషువారి యేలుబడిలో ఈ పేటయందు పడుపు గృహములు వెలసెను. లోకము ఆ యొక్క విషయమునే పట్టుకొని తక్కిన చరిత్రను మరచినది. ఆ యిండ్లలో చిక్కుకొన్న స్త్రీలలో అనేకులు పేదరికమువలనను మోసమువలనను అచటికి చేరినవారు. వారును మన దుకాణములలోనే ఉప్పు, బియ్యము కొనిరి. వారిని నిందించుట చదువుకొన్నవారికి తగదు. వారి పొరుగున నున్నామని తలవంచుకొనుటయు తగదు. కూలివాని పేరు మోయు పేటలో పుట్టుట సిగ్గుపడదగిన విషయము కాదు.

2. దుకాణమున దొరకు మాటలు

దుకాణమున సరకుతోపాటు మాటలును దొరకును. మేము పొరుగు రాష్ట్రమున శిక్షణ పొందునపుడు చదివిన పుస్తకములలో ‘పచారి కొట్టు’ అను మాట యుండెడిది. ఇచటి మన పిల్లలు ‘కిరాణము’ అందురు. కిరాణము తప్పు మాట యని యెవరును తలపరాదు. కరీంనగరమునను, నల్లగొండలోను, పాలమూరులోను అదే వాడుక. అచటినుండి వచ్చిన తాతలు తమతో తెచ్చిన మాట అది.

‘గిర్ని’ అను మాటను చూడుడు. పిండి విసరు మరను మన ఇండ్లలో గిర్ని యందురు. మరాఠీలో ‘గిరణి’ అనగా పిండిమరయు అగును, నూలుమిల్లును అగును. పరేలు, వర్లీ ప్రాంతములకు ‘గిరణ్‌గావ్’, అనగా మిల్లుల ఊరు, అను పేరు అందువలననే వచ్చినది. తెలంగాణ జిల్లాలనుండి వచ్చిన పద్మశాలీలు అనేకులు అచటి మిల్లులలో పనిచేసి, వర్లీ బి.డి.డి. చాళ్ళు మొదలగు చోట్ల నివసించిరి. తండ్రి పగలెల్ల ఒక గిర్నిలో నిలిచెను. తల్లి జొన్నల డబ్బా పట్టుకొని మఱియొక గిర్నివద్ద నిలిచెను. ఒక్క మాట రెండు బ్రతుకులను చూపుచున్నది.

‘చిల్లర’ తెలుగునను మరాఠీలోను ఒకటే. పాన్ దుకాణమున వక్కలు కత్తిరించు అడకత్తెరను మరాఠీవారు ‘అడకిత్తా’ అందురు. మన కొత్తిమీర వారికి ‘కోథింబీర్’. మన ‘టపా’ వారికి ‘టపాల్’. అప్పుగా సరకు తెచ్చుటను తీరాంధ్రమున ‘అరువు’ అందురు. మన చాళ్ళలో ‘ఉద్దెర’ అందురు. హిందీ, మరాఠీలలో ‘ఉధార్’ అందురు. ఇక ‘పావ్’ అను రొట్టె మాట పోర్చుగీసువారినుండి వచ్చినది. ఒక దుకాణపు గడపలో ఇన్ని దేశములు కలియుచున్నవి.

గ్రాంథికమును నేర్పు మేమే ఈ వాడుక మాటలను పొగడుట చూచి కొందరు ఆశ్చర్యపడవచ్చును. వ్యాసము వ్రాయునపుడు వ్రాతభాష కావలెను. కాని నాయనమ్మ మాటలను ఎఱుగనివాడు ఎంత గ్రాంథికము నేర్చినను అది ఎరువు సొమ్మే యగును.

3. మారిన గడపలు

పెద్దలు చెప్పు దుకాణములలో కట్టెల అడితియు, బొగ్గుల దుకాణమును మొదటివి. పొయ్యికిని కుంపటికిని కావలసినవి అచట దొరకెడివి. కిరసనాయిలుకై డబ్బాలు పట్టుకొని వరుసలో నిలుచుట కొంతకాలము సాగినది. వంటగ్యాసు బొంబాయికి 1950 దశాబ్దిలోనే వచ్చినను, చాళ్ళలోని అందరి ఇండ్లకును చేరుటకు చాలకాలము పట్టినది. గ్యాసు వచ్చినకొలది బొగ్గుల దుకాణము మూతపడినది. పొగ పోయినది, తల్లుల కన్నులకు సుఖము కలిగినది. ఈ మార్పునకు విచారింప పనిలేదు.

రెండవది బీడీల పని. కామాఠీపురలో తెలుగు స్త్రీలు అనేకులు ఇంటివద్దనే బీడీలు చుట్టెడివారు. దుకాణమునుండి తునికాకు, తంబాకు, దారము తెచ్చి, ఆకును తడిపి, రేకు పెట్టి కత్తెరతో కత్తిరించి, తంబాకు నింపి, చుట్టి, ముడివేసి, కట్టలు కట్టి మరల ఒప్పగింపవలెను. కూలి వేయి బీడీలకు ఇంత యని లెక్క. బాగుగా లేవని త్రోసివేసినవానికి కూలి లేదు. ఆకు తక్కువ తూచినను, బీడీలు ఎక్కువ త్రోసినను నష్టము చుట్టినవారిదే. బీడీ కార్మికుల రక్షణకు 1966లో పార్లమెంటు ప్రత్యేక చట్టము చేసినది. ఇంటివద్ద పనిచేయువారిని కూడ ఆ చట్టము కార్మికులుగానే యెంచును. నేడు ఈ పని మన గల్లీలలో మిక్కిలి తగ్గినది. కాని ఆ కూలితో చదివి ఉద్యోగస్థులైన వారు మన మధ్య కలరు. ఆ తల్లుల వ్రేళ్ళను చూచినవారికి చదువు విలువ వేఱుగా చెప్ప నక్కఱలేదు.

మూడవది ఊరితో మాటలాడు దుకాణము. మొదట ఊరివార్త టపాలో వచ్చెడిది. చదువురాని కూలివానికి ఉత్తరమును చదివిపెట్టువాడు పెద్దమనిషి. ఆపద వచ్చిన తంతి వచ్చెడిది. ఆ తంతి సేవ 2013 జూలైలో నిలిచిపోయినది. 1980 దశాబ్ది చివరనుండి ఎస్.టి.డి. బూతులు వెలసెను. రాత్రి రేటు తగ్గిన పిమ్మట గాజు తలుపు వెలుపల జనము వరుసగా నిలిచెడివారు. లోపలివాని యేడుపును వెలుపలివారు చూచెడివారు. మొబైల్ ఫోను వచ్చినంతనే బూతు పోయి రీఛార్జి దుకాణము వచ్చినది. 2016లో యు.పి.ఐ. మొదలైన పిమ్మట, కూరల తోపుడుబండిమీదను చెల్లింపు చతురస్రపు చీటీ కానవచ్చుచున్నది. వార్తయు సొమ్మును క్షణములో ఊరు చేరుచున్నవి. చిల్లర తగ్గినది, ‘చిల్లర’ యను మాట నిలుచునో లేదో చూడవలెను.

గిర్నికి కూడ పోటీ వచ్చినది. సంచులలో కట్టిన పిండి కిరాణములోనే దొరకుచున్నది. అయినను జొన్నరొట్టె చేయువారు గిర్నిని విడువలేదు. ఏలయన జొన్నపిండి నిలువయున్నకొలది జిగి తగ్గి రొట్టె విరుగును. అప్పటికప్పుడు విసరినదే మేలు. కావున రుచియే ఒక వృత్తిని కాపాడుచున్నది. పేటలోని పాత గదులలో నేడు తోలుసంచులు కుట్టువారు, జరీపని చేయువారు కూర్చుండియున్నారు. వారిలో అనేకులు ఉత్తరదేశమునుండియు, వంగదేశమునుండియు వచ్చినవారు. మన తాతలవలెనే వారును పనికై వచ్చిరి.

4. మార్పునకు కారణములు

దుకాణములు యజమాని ఇష్టము మాత్రముననే మారవు. 1947లో వచ్చిన అద్దెల నియంత్రణ చట్టము వలన పాత అద్దెలు 1940 నాటి స్థాయిననే నిలిచెను. అందువలన చిన్న దుకాణదారుడు కొద్ది అద్దెతో నడిబజారున బ్రతుకగలిగెను. కాని ఆ కొద్ది అద్దెతో ఇంటి యజమాని మరమ్మతు చేయింపడయ్యెను. దుకాణము నిలిచినది, దానిమీది కప్పు శిథిలమైనది. ఒకే చట్టము రెండు ఫలముల నిచ్చినది.

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వమున మొదలైన మిల్లు సమ్మెలో సుమారు రెండున్నర లక్షలమంది కార్మికులు పాల్గొనిరి. అనేకులకు ఆ పని మరల దొరకలేదు. జీతము నిలిచిన ఇంట వంట సాగవలెనన్న కిరాణమున ఉద్దెర కావలెను. అట్టి కాలమున దుకాణదారుని ఖాతాపుస్తకము అతని యొక్కని లెక్క కాదు. చాళి యంతటి లెక్క. కొనువాని ముఖమెఱిగినవాడే ఉద్దెర ఇయ్యగలడు. పెద్ద అంగడులలో వెల తగ్గవచ్చును గాని, అచట ముఖ పరిచయము లేదు.

5. ఇక ముందు

పాత చాళ్ళ స్థానమున ఎత్తైన భవనములు రానున్నవి. వర్లీ బి.డి.డి. చాళ్ళలో 160 చదరపు టడుగుల గదులలో నున్న కుటుంబములకు 500 చదరపు టడుగుల ఇండ్లు ఇచ్చుచున్నారు. 2025 ఆగస్టులో మొదటగా 556 కుటుంబములకు తాళపుచెవులు అందెను. కామాఠీపుర పునర్నిర్మాణమునకు కూడ మ్హాడా సంస్థ 2025లో టెండర్లు పిలిచినది. ఇంటిలోపలనే స్నానపుగది, నీటికొళాయి గల ఇల్లు వచ్చుట మేలే. దానిని కాదనుట తగదు.

అయితే తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక. హక్కు నోటిమాటతో నిలువదు, కాగితముతో నిలుచును. అద్దె రసీదులు, కరెంటు బిల్లులు, రేషను కార్డు, దుకాణపు ‘గుమాస్తా’ కాగితము, ఇవన్నియు భద్రపఱుపవలెను. తెలుగున గుమాస్తా అనగా లెక్కలు వ్రాయు ఉద్యోగి. ముంబాయిలో గుమాస్తా అనగా 1948 నాటి దుకాణముల చట్టము క్రింద ఇచ్చిన నమోదు పత్రము. 2017 నాటి కొత్త చట్టము ప్రకారము కొద్దిమంది పనివారు మాత్రమే యున్న చిన్న దుకాణము తెలియజేసిన చాలును. అయినను పాత పత్రమును పాఱవేయరాదు. ఆ దుకాణము ఎంతకాలమునుండి యున్నదో అది చెప్పును.

ఇచట మన పేర్లవలన ఒక చిక్కు కలదు. మహారాష్ట్రమున తెలుగు ఇంటిపేర్లకు ‘వారు’ అను మన గౌరవపదమే ‘వార్’ అయి అతుకుకొన్నది. ఒక కాగితమున ‘వార్’ ఉండును, మఱియొకదాన ఉండదు. తాత పేరు ఒకచో ‘రాజయ్య’, ఒకచో ‘రాజన్న’ అయి యుండును. కార్యాలయమున వీరిద్దరు వేఱు మనుష్యులగుదురు. తెలుగును, మరాఠీని, ఇంగ్లీషును చదువగల విద్యార్థి ఇంట నున్న యెడల, ఈ భేదములను ముందుగానే గుర్తింపగలడు. మూడు లిపులు నేర్చుట బరువని విసుగుకొను పిల్లలు ఈ పనిని తలచుకొనవలెను.

6. అభ్యాసము

విద్యార్థులు ఈ క్రింది పనులను సెలవులలో చేసి, వ్రాతపుస్తకములతో తరగతికి రావలెను.

(1) మీ గల్లీలోని పది దుకాణముల పటము గీయుడు. ఒక్కొక్క గడపలో నేడేమి యున్నది, అంతకుముందేమి యుండెను, దానికి ముందేమి యుండెనో పెద్దలనడిగి వ్రాయుడు.

(2) దుకాణములో వినవచ్చు ఇరువది మాటలు ఏర్చి, తెలుగు, మరాఠీ, హిందీ రూపములను ప్రక్కప్రక్కన వ్రాయుడు.

(3) బీడీలు చుట్టినవారు గాని, మిల్లులో పనిచేసినవారు గాని మీ ఇంట నున్న యెడల, వారి పనిముట్ల పేర్లును, పని వరుసయు వారి మాటలలోనే వ్రాయుడు. మాటలను దిద్దవలదు.

(4) ఇంటిలోని కాగితములలో మీ ఇంటిపేరు ఎన్ని విధములుగ నున్నదో తల్లిదండ్రుల సమక్షమున చూచి, వారికి చెప్పుడు. ఈ ఒక్క దానిని బడికి తేవలదు. అది మీ ఇంటి సొత్తు.

(5) ‘మా చిరునామా’ అను శీర్షికతో ఒక పుట వ్యాసము వ్రాయుడు. గల్లీ సంఖ్యయు, పేట పేరును పూర్తిగా వ్రాయవలెను.