వర్షాధిక్య ప్రాంతాలలో వెల్లుల్లి సాగు: యాజమాన్య పద్ధతులు

వెల్లుల్లి చల్లని, పొడి వాతావరణాన్ని కోరే పంట. దీని వేర్లు నేల పైపొరలోనే వ్యాపిస్తాయి. మడిలో నీరు నిలిస్తే వేర్లకు గాలి అందక ఆకులు పసుపు రంగుకు మారి, గడ్డ అడుగు భాగం కుళ్ళుతుంది. ఎకరాకు సుమారు 200 కిలోల విత్తన రెబ్బలు అవసరం కనుక మొలక దశలో పంట దెబ్బతింటే పెట్టుబడిలో అధిక భాగం నేలపాలవుతుంది. అయినప్పటికీ వానలు ఎక్కువగా కురిసే చోట వెల్లుల్లి పండదనుట సరికాదు. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన కొడైకెనాల్ కొండ వెల్లుల్లి వర్షం, పొగమంచు గల కొండవాలులలోనే పండుతుంది. వాలు నేలలలో నీరు నిలువదు. పంటకు ప్రధాన శత్రువు కురిసే వాన కాదు, నిలిచే నీరు.

విత్తే సమయం: తెలుగు రాష్ట్రాలలో అక్టోబరు–నవంబరు నెలలు అనుకూలం. అప్పుడు విత్తిన పంట పొడి వాతావరణంలో కోతకు వస్తుంది. ఖరీఫ్‌లో విత్తితే తగినంత చలి లభించక గడ్డ సరిగా ఊరదు. తుఫాను సూచనలున్నప్పుడు కోస్తా రైతులు విత్తడం కొద్ది రోజులు వాయిదా వేయాలి. మరీ ఆలస్యమైతే గడ్డ పరిమాణం తగ్గుతుంది.

మళ్ళ తయారీ: 120 సెం.మీ. వెడల్పు, 15 సెం.మీ. ఎత్తు గల మళ్ళు చేసి, మధ్య 45 సెం.మీ. కాలువలు వదలాలి. ఈ కాలువలను పల్లపు వైపున మురుగు కాలువతో కలపాలి. నీరు బయటకు పోయే దారి లేకుంటే ఎత్తు మళ్ళ వలన ప్రయోజనం ఉండదు. రెబ్బలను కొన పైకి ఉండేలా 15 × 10 సెం.మీ. దూరంలో నాటాలి.

ఎరువులు: వర్షాలకు నత్రజని కొట్టుకుపోతుంది కనుక దఫాలుగా వేయాలి. విత్తిన 60 రోజుల తరువాత వేస్తే గడ్డల నిల్వ గుణం తగ్గుతుంది.

సస్యరక్షణ: ఆకులపై తడి ఎక్కువ సేపు ఉంటే ఊదా మచ్చ తెగులు వ్యాపిస్తుంది. నివారణకు లీటరు నీటికి 2.5 గ్రాముల మాంకోజెబ్‌ను జిగురు మందుతో కలిపి, వాన తెరపి ఇచ్చినప్పుడు పిచికారీ చేయాలి.

కోత, నిల్వ: ఆకులు పండి వాలిన తరువాత గడ్డలు తీయాలి. కోతకు రెండు వారాల ముందే నీటి తడులు ఆపాలి. వాన సూచన ఉంటే గడ్డలను పొలంలో ఆరబెట్టక, ఆకులతో సహా గాలి ఆడే పాకలోనికి చేర్చి పలుచగా పరచాలి. తడి గడ్డలను కుప్పవేస్తే తినడానికే కాక, మరుసటి ఏటి విత్తనానికీ పనికిరావు.