పావు మైలు పాఠం

తెల్లవారుజామున జంగ్లీఘాట్ రేవు దగ్గర నిలబడితే పికప్ బండ్లు వరసగా ఆగి కనిపిస్తాయి. చేపల బుట్టలు ఎక్కుతుంటాయి, మంచు దిమ్మెలు పగులుతుంటాయి. ఎక్కించేవాళ్ల మాటల్లో శ్రీకాకుళం యాస, విశాఖ యాస వినిపిస్తాయి. ఎన్నో ఊళ్లు తిరిగి ఈ దీవులకు బదిలీ మీద వచ్చిన మాకు, ఆ మాటలు వినగానే సొంత ఊరికి వచ్చినట్టు అనిపించింది.

ఒకరోజు తొమ్మిదో తరగతిలో ఆ బండ్ల మీదే ప్రశ్న వచ్చింది. "మేడం, ఖాళీ పికప్ పావు మైలు దూరాన్ని ఎన్ని సెకన్లలో దాటుతుంది? ఆ సమయం ఇంకా తగ్గాలంటే ఏం చేయాలి?" వెనక బెంచీ నుంచి ఇంకో గొంతు: "పొద్దున్నే రోడ్డు ఖాళీగానే ఉంటుంది మేడం. స్టాప్‌వాచ్ పట్టుకెళ్లి చూద్దామా?"

రెండో ప్రశ్నకు వెంటనే కుదరదని చెప్పాం. మొదటి ప్రశ్నను మాత్రం వదల్లేదు. ఆ వారం తెలుగు తరగతిలో, సైన్సు మాస్టారి సాయంతో, పిల్లలతో కలిసి తయారు చేసుకున్న పాఠమే ఇది.

డ్రాగ్ పందెం అంటే ఏమిటి?

రెండు బండ్లు పక్కపక్కన కదలకుండా నిలబడతాయి. ఎదురుగా తిన్నని దారి. మలుపులు లేవు. పచ్చదీపం వెలగగానే బయలుదేరి, ముందుగా అవతలి గీత దాటినవాళ్లు గెలిచినట్టు. దూరం పావు మైలు, అంటే 1320 అడుగులు, సుమారు 402 మీటర్లు. క్రీడామైదానంలో మనం పరుగెత్తే 400 మీటర్ల చుట్టు తెలుసు కదా! దాదాపు అంతే దూరం.

అమెరికాలోని కాలిఫోర్నియాలో, శాంటా ఆనా విమానాశ్రయంలో 1950లో ఈ పందేలు క్రమబద్ధంగా మొదలయ్యాయి. 1951లో వాలీ పార్క్స్ ఈ ఆటకు నియమాలు పెట్టడానికి జాతీయ హాట్‌రాడ్ సంఘాన్ని స్థాపించారు. రోడ్ల మీద పరుగులు తీసే కుర్రాళ్లను భద్రమైన చోటికి తీసుకురావడమే ఆయన ఉద్దేశం.

మన దేశంలో చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూరు ప్రాంతంలో ఉన్న ఇరుంగాట్టుకోట్టై పందెపు మైదానంలోనూ, మహారాష్ట్రలోని ఆంబీ వ్యాలీ విమానాల పట్టీ మీదా ఇలాంటి పందేలు జరిగాయి. అండమాన్‌లో అలాంటి పట్టీ లేదు.

మన బండలాగుడు

దీనికి దగ్గరి ఆట మన తెలుగు నేల మీద ఎప్పటినుంచో ఉంది. సంక్రాంతికి, శివరాత్రికి, తిరునాళ్లకు ఒంగోలు జాతి ఎడ్లతో పెట్టే బండలాగుడు పోటీలు అవి. పుట్టినప్పటి నుంచి వేరే రాష్ట్రాల్లో పెరిగిన మన పిల్లల్లో చాలామంది వాటిని చూసి ఉండరు. బరువైన రాతిబండను కాడికి కట్టి, ఎడ్ల జతతో మట్టి మీద లాగిస్తారు. ఎడ్ల పళ్లను బట్టి పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని విభాగాలు ఉంటాయి.

ఒక్క తేడా గమనించండి. బండలాగుడులో సమయం ముందే నిర్ణయిస్తారు, ఎంత దూరం లాగాయో కొలుస్తారు. డ్రాగ్ పందెంలో దూరం ముందే నిర్ణయిస్తారు, ఎంత సమయం పట్టిందో కొలుస్తారు. రెండింటిలోనూ కష్టమంతా ఒకచోటే ఉంది: ఆగి ఉన్నదాన్ని కదిలించడంలో. బండ కదిలేదాకా ఎడ్లు మోకాళ్లు వంచి, గిట్టలు నేలకు తన్నిపెట్టి లాగుతాయి. కదిలాక కాస్త తేలిక.

లెక్క ఏమంటుంది?

పావు మైలు సమయాన్ని అంచనా వేయడానికి ఒక సూత్రం వాడుకలో ఉంది. బండి బరువును (కిలోల్లో) ఇంజన్ శక్తితో (హార్స్‌పవర్‌లో) భాగించాలి. వచ్చినదాని ఘనమూలాన్ని 7.58తో గుణించాలి. అంతే, సెకన్లు వస్తాయి.

మన లెక్క కోసం డ్రైవరుతో సహా 1600 కిలోల బరువు, 75 హార్స్‌పవర్ ఉన్న పికప్‌ను తీసుకుందాం.

ఖాళీ బండి: 1600ను 75తో భాగిస్తే 21.33. ఘనమూలం 2.77. సమయం సుమారు 21 సెకన్లు.

1300 కిలోల సరుకు వేస్తే: మొత్తం 2900 కిలోలు. సమయం సుమారు 25.6 సెకన్లు.

ఖాళీ బండిలోనే పదో వంతు బరువు, అంటే 160 కిలోలు తగ్గిస్తే: సుమారు 20.3 సెకన్లు.

బరువు తగ్గించకుండా శక్తినే పదో వంతు పెంచితే: సుమారు 20.4 సెకన్లు.

చూశారా! ఇంజన్ మీద డబ్బు పోయడం, అక్కర్లేని బరువు దించడం దాదాపు ఒకే ఫలితం ఇస్తున్నాయి. ఇంకో సంగతి. ఘనమూలం ఉంది కాబట్టి సమయం సగానికి తగ్గాలంటే శక్తి రెండింతలైతే చాలదు, ఎనిమిది రెట్లు కావాలి.

ఇప్పుడు అసలు విషయం. ఇంజన్ శక్తి మొదటి నుంచి చివరిదాకా ఒకేలా అందుతుంది అనుకుంటే, మొదటి 60 అడుగులు దూరంలో 22వ వంతే. కానీ వాటికి పట్టే సమయం మొత్తంలో దాదాపు ఎనిమిదో వంతు. అందుకే పందెపు పట్టీల మీద 60 అడుగుల సమయాన్ని విడిగా కొలుస్తారు. అక్కడ పోగొట్టుకున్నదాన్ని చివర్లో ఎంత వేగంగా వెళ్లినా తిరిగి రాబట్టుకోవడం కష్టం.

సమయం ఎక్కడ తగ్గుతుంది?

మొదటిది పట్టు. పికప్‌లో ఇంజన్ ముందు ఉంటుంది, చాలా బండ్లలో తిరిగే శక్తి వెనక చక్రాలకు అందుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు వెనక భాగం తేలిక. క్లచ్‌ను ఒక్కసారిగా వదిలితే చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి, బండి కదలదు. మరీ మెల్లగా వదిలితే ఇంజన్ ముక్కుతుంది. ఈ రెండింటికీ మధ్య ఎక్కడ వదలాలో తెలుసుకోవడమే డ్రైవరు నేర్పు. ఏడాదికి సుమారు 3000 మిల్లీమీటర్ల వాన పడే ఈ దీవుల్లో తడి రోడ్డు మీద పట్టు ఎలా జారిపోతుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

దీన్ని బడి మైదానంలోనే చూశాం. 60 అడుగులు, అంటే 18 మీటర్ల పైచిలుకు, సున్నంతో గీశాం. తోపుడు బండిలో నీళ్ల డబ్బాలు పెట్టి పిల్లలు వంతులవారీగా తోశారు. పొద్దున మంచుకు తడిసిన గడ్డి మీద అందరికన్నా బలమైనవాడి కాళ్లే జారాయి. ఎండాక, వాడి కంటే సన్నగా ఉన్న అమ్మాయి అదే బరువును వాడి ఉదయపు సమయం కంటే ముందుగా గీత దాటించింది. బలం ఉంటే చాలదు, అది నేలకు అందాలి.

రెండోది బరువు. ట్రాక్ మీద పందెగాళ్లు అక్కర్లేని సామాను అంతా దించేస్తారు. మరి పట్టు కోసం వెనక ఇసుక బస్తాలు వేస్తే? పట్టు పెరుగుతుంది, బరువూ పెరుగుతుంది. లాభమో నష్టమో కొలిచి చూస్తే తప్ప తెలియదు.

మూడోది గేర్లు. గేరు మార్చిన ప్రతిసారీ ఒక క్షణం చక్రాలకు శక్తి అందదు. సరుకు బండ్లలో మొదటి గేరు బరువు లాగడానికి చేసింది, తొందరగా అయిపోతుంది. ఖాళీ బండిని కొందరు డ్రైవర్లు రెండో గేరులోనే కదిలిస్తారు. పందెంలో అది పనికొస్తుందా? దాన్నీ కొలిచే తేల్చాలి.

నాలుగోది గాలి. ఇంజన్‌కు ఇంధనంతో పాటు గాలీ కావాలి. 3500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్‌లో గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే సుమారు మూడింట రెండు వంతులే. అక్కడ చదివి ఇక్కడికి వచ్చిన పిల్లలకు ఆ ఆయాసం గుర్తుంటుంది. టర్బో లేని ఇంజన్‌కూ అదే ఆయాసం. మన దీవుల్లో పీడనం నిండుగా ఉంటుంది, కానీ వేడి, తేమ గాలిని పలుచన చేస్తాయి. నీటి ఆవిరి పొడి గాలి కన్నా తేలిక. అందుకే చల్లని ఉదయం వచ్చే సమయం ఎండ మధ్యాహ్నం రాకపోవచ్చు. పొగగొట్టం నుంచి నల్లటి పొగ వస్తే బండికి బలం వచ్చిందని మురిసిపోకండి. అది సరిగా కాలని ఇంధనం.

అయిదోది నోటుపుస్తకం. నాలుగు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. ఒక్కసారికి ఒక్క మార్పు చేయాలి. మూడుసార్లు నడపాలి, సగటు రాసుకోవాలి. తేదీ, ఎండా వానా కూడా రాయాలి.

ఎక్కడ చేయకూడదు?

పందెపు పట్టీకి గీత దాటాక ఆగడానికి పొడవైన ఖాళీ దారి ఉంటుంది. మన లెక్కలోని పికప్ గీత దాటేటప్పుడు వేగం గంటకు సుమారు 104 కిలోమీటర్లు. మామూలు రోడ్డు మీద ఆ వేగానికి ఎదురుగా వచ్చేది సైకిల్ కావచ్చు, ఆవు కావచ్చు, బడికి వెళ్లే మీ తమ్ముడు కావచ్చు. ప్రభుత్వ లిఖితపూర్వక అనుమతి లేకుండా బహిరంగ స్థలంలో వాహనాల పందెం పెట్టడం మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం. పిల్లలు బండి నడిపి నేరం చేస్తే శిక్ష తల్లిదండ్రుల మీదా, బండి యజమాని మీదా పడుతుంది. వెనక బెంచీ ప్రశ్నకు మేము కుదరదన్నది ఇందుకే.

ఈ దీవుల్లో ఇంకో దారి ఉంది. అండమాన్ ట్రంక్ రోడ్డు మీద జిర్కటాంగ్ దాటాక జరావా ప్రజల అడవి మొదలవుతుంది. అక్కడ బండ్లు బృందంగా కదలాలి. ఆగకూడదు, ఫొటోలు తీయకూడదు, గంటకు 40 కిలోమీటర్లు మించకూడదు. ఆ వేగంతో పావు మైలుకు 36 సెకన్లు పడుతుంది. ఆ దారిలో అదే మంచి సమయం.

చివరగా

డ్రాగ్ పందెంలో ప్రతి పరుగూ ఆగి ఉన్న చోటు నుంచే మొదలవుతుంది. కిందటి పరుగు వేగం ఈ పరుగుకు పనికిరాదు. బదిలీల మీద తిరిగే మనకు ఇది కొత్త కాదు. కొత్త బడి, కొత్త బెంచీ, పేరు తెలియని ముఖాలు. మొదటి వారంలోనే అందరినీ దాటేయాలని చూస్తే కాళ్లు జారతాయి. భయపడి మూల కూర్చుంటే కదలమే. రోడ్డు మీదకు వెళ్దామన్న ఆ వెనక బెంచీ అబ్బాయి ఈ ఏడాది మధ్యలోనే వచ్చాడు. అప్పటిదాకా తరగతిలో తెలుగులో నోరు విప్పలేదు. మైదానంలో ప్రతి తోపుడుకూ సమయం రాసింది అతనే. అక్షరదోషాలు ఉన్నాయి. అంకెల్లో ఒక్క తప్పూ లేదు.

కొత్త మాటలు

త్వరణం: వేగం పెరిగే రేటు.
ఘర్షణ: రెండు తలాలు రాసుకున్నప్పుడు కదలికను అడ్డుకునే బలం. చక్రానికి నేల మీద పట్టునిచ్చేది ఇదే.
జడత్వం: ఉన్న స్థితిలోనే ఉండిపోయే గుణం.
ఘనమూలం: మూడుసార్లు గుణిస్తే అసలు సంఖ్యనిచ్చే సంఖ్య. 27కు ఘనమూలం 3.
కాడి: రెండు ఎడ్ల మెడల మీద ఉంచే కర్ర.

ఆలోచించి రాయండి

1. బండలాగుడుకూ డ్రాగ్ పందానికీ పోలికలు, తేడాలు అయిదు వాక్యాల్లో రాయండి.
2. 2025 కిలోలు, 75 హార్స్‌పవర్ ఉన్న బండికి పావు మైలు సమయం ఎంత? (సూచన: భాగిస్తే 27 వస్తుంది.)
3. మీరు ఇంతకుముందు ఉన్న ఊళ్లో రోడ్డు, గాలి, వాన ఎలా ఉండేవి? అక్కడ ఈ పికప్ ఎలా పరుగెత్తేదో ఊహించి ఒక పేరా రాయండి.
4. ఇంట్లో పెద్దవాళ్లను అడిగి, బండికీ ప్రయాణానికీ సంబంధించిన పది తెలుగు మాటలు సేకరించండి.