మోకీలు మార్పిడి: అదే రోజు ఇంటికెళ్లాలంటే ఏ మత్తు మేలు?

ప్రశ్న: అమ్మకు 62 ఏళ్లు. మోకీలు మార్చి సాయంత్రమే పంపిస్తామన్నారు. వెన్నుకు మత్తిస్తే నడుంనొప్పి వదలదంటున్నారు. పూర్తి మత్తే మంచిదా?

జవాబు: సాయంత్రానికి ఇంటికెళ్లాలంటే ఆపరేషన్ బాగా జరిగితే చాలదు. వాకర్ పట్టుకుని నడవాలి, మూత్రం పోయగలగాలి, తిన్నది కడుపులో నిలవాలి, నొప్పి మాత్రలకు లొంగాలి. మత్తును ఎంచుకోవాల్సింది ఈ లెక్కనే. పూర్తి మత్తు నేడు సురక్షితమే అయినా వికారం, మగత కాస్త ఎక్కువ. 2013లో వెలువడిన అమెరికా అధ్యయనం సుమారు 3.8 లక్షల తుంటి, మోకీలు మార్పిడులను పరిశీలించింది. వెన్ను మత్తు తీసుకున్నవారిలో మరణాలు తక్కువగా కనిపించాయి. ఆరోగ్యవంతులకే అది ఎక్కువగా ఇచ్చి ఉండొచ్చన్న అభ్యంతరం సబబే. కాబట్టి ఆ ఒక్క అంకెనే నమ్ముకోనక్కర్లేదు. పైన చెప్పిన నాలుగు పనులకూ వెన్ను మత్తే చాలామందికి అనుకూలం.

అయితే ఏ మందు, ఎంత మోతాదన్నది కీలకం. వెన్నులోకి ఇచ్చే మత్తుమందు బుపివకెయిన్ ఎక్కువైతే కాళ్లు గంటల తరబడి స్వాధీనంలోకి రావు. దానికి మార్ఫిన్ కలిపితే దురద పెట్టవచ్చు, మూత్రం ఆగిపోవచ్చు. తక్కువ మోతాదుకు తోడు తొడలో నరాన్ని మొద్దుబార్చే సూది (అడక్టర్ కెనాల్ బ్లాక్) ఇస్తే నొప్పి తగ్గుతుంది, కండరం బలం చాలావరకు నిలుస్తుంది. ఇక నడుంనొప్పి మాటకొస్తే, వెన్నులో సూది పడిన చోట కొద్ది రోజులు నొప్పి ఉండొచ్చు గానీ, దీర్ఘకాలిక నడుంనొప్పికి అది కారణమన్న ఆధారాల్లేవు. మెలకువగా ఉండటం భయమైతే నిద్రమత్తు ఇస్తారు. రక్తం పలచబరిచే మందులు వాడుతున్నా, వెన్నుకు ఆపరేషన్ అయి ఉన్నా మత్తు డాక్టరుకు ముందే చెప్పండి. అలాంటివారికి పూర్తి మత్తే మేలు కావచ్చు.