హెర్షీ ఎలుగుబంట్లు: ఒక హాకీ జట్టు, ఒక ఊరు, ఒక హాస్టల్

హాకీ అంటే మనకు పచ్చిక మైదానం, వంపు కర్ర, తెల్ల బంతి, ధ్యాన్‌చంద్. క్విజ్ పోటీలో ధ్యాన్‌చంద్ మీద ప్రశ్న వస్తే వెనక బెంచీ వాళ్లు కూడా చెయ్యెత్తుతారు. అమెరికా, కెనడాల్లో మాత్రం హాకీ అంటే మంచు మీద ఆడే ఆట. కాళ్లకు ఇనుప పట్టీలున్న స్కేట్ బూట్లు, చేతిలో పొడవాటి కర్ర, బంతికి బదులు పక్ అనే నల్లటి రబ్బరు బిళ్ల. గోల్‌కీపరుతో కలిపి పక్షానికి ఆరుగురు. ఇరవై నిమిషాల చొప్పున మూడు భాగాలు. ఆటగాళ్లు ఒకరినొకరు గట్టిగా గుద్దుకుంటారు. కోపం వస్తే చేతి తొడుగులు విసిరేసి పిడిగుద్దులకు దిగుతారు.

అంత మోటు ఆటలో, ఏడాదికి ఒక రోజు, ప్రేక్షకులు మంచు మీదికి వేలకు వేలు ఎలుగుబంటి బొమ్మలు విసురుతారు. ఒక వీడియోలో ఇది చూసి మా పదో తరగతి పిల్లలకు చూపించాను. వాళ్లు పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత ఆ బొమ్మలు ఎక్కడికి పోతాయి, ఆ జట్టు ఎవరిది అని చదువుతూ పోతే, తీగ లాగితే డొంకంతా కదిలినట్టు, చివర ఒక హాస్టల్ కనబడింది. ఆ హాస్టల్ సంగతి చెప్పడానికే ఈ వ్యాసం. దానికి ముందు ఆట సంగతి కొంచెం తెలుసుకోవాలి.

చిన్న లీగ్ అంటే

ఉత్తర అమెరికాలో మంచు హాకీకి పెద్ద పోటీ నేషనల్ హాకీ లీగ్. దాని కింది మెట్టు అమెరికన్ హాకీ లీగ్. మన క్రికెట్‌లో భారత జట్టుకు కింద రంజీ ఉన్నట్టు అనుకోండి. అయితే ఒక తేడా ఉంది. కింది లీగ్‌లోని ప్రతి జట్టుకూ పై లీగ్‌లో ఒక పెద్ద జట్టుతో ఒప్పందం ఉంటుంది. పెద్ద జట్టులో ఎవరికైనా దెబ్బ తగిలితే చిన్న జట్టు కుర్రాడికి కబురు వస్తుంది. నిన్న ఇక్కడ ఆడినవాడు రేపు అక్కడ ఆడతాడు. ఫామ్ పోతే మళ్లీ కిందికి పంపుతారు.

అంటే చిన్న జట్టు అభిమానికి ఎప్పుడూ ఒక కష్టం ఉంటుంది. బాగా ఆడినవాడు వెళ్లిపోతాడు. ఉండిపోయేవి ఊరు, జెర్సీ రంగు, పాత కథలు. మన హాస్టల్‌లో ఉన్నవాళ్లకు ఇది కొత్త కాదు. పదో తరగతి ఫస్టు క్లాసులో పాసైనవాడు రేకు పెట్టె భుజాన పెట్టుకుని గేటు దాటతాడు, గోడ మీద పేరు మాత్రం మిగులుతుంది.

మన కథలోని జట్టు హెర్షీ బేర్స్. అంటే హెర్షీ ఎలుగుబంట్లు. అట్లాసు తీసి అమెరికా తూర్పున పెన్సిల్వేనియా రాష్ట్రం చూడండి. దాని రాజధాని హ్యారిస్‌బర్గ్‌కు తూర్పున, దగ్గరలోనే హెర్షీ అనే చిన్న ఊరు ఉంది. అది చాక్లెట్ ఊరు. పెద్ద వీధి పేరు చాక్లెట్ అవెన్యూ. వీధి దీపాలు కూడా ఆ కంపెనీ చాక్లెట్ ఆకారంలోనే ఉంటాయి. జట్టును మొదట్లో పిలిచిన పేరులో చాక్లెట్ బార్ అనే మాటా, బేర్ అనే మాటా కలిసి పలికేవి. ఇది మరీ వ్యాపార ప్రకటనలా ఉందన్న విమర్శ వచ్చి 1936లో పేరును బేర్స్ అని మార్చారు. 1938 నుంచి ఆ జట్టు అమెరికన్ హాకీ లీగ్‌లో విడవకుండా ఆడుతోంది. లీగ్ విజేతకు ఇచ్చే కాల్డర్ కప్‌ను 2023, 2024ల్లో వరసగా గెలవడంతో దాని కప్పుల సంఖ్య 13కు చేరింది.

బొమ్మల వాన

బొమ్మలు విసిరే ఆనవాయితీ హెర్షీలో పుట్టింది కాదు. 1993 డిసెంబరులో కెనడాలోని కామ్‌లూప్స్ అనే ఊళ్లో కుర్రాళ్ల జట్టు మ్యాచ్‌లో మొదలైంది. కాల్గరీ ఊరి జట్టు దాన్ని పెద్దది చేసింది. హెర్షీకి 2001లో వచ్చింది.

పద్ధతి ఇది. ఆ రోజు మ్యాచ్‌కు వచ్చేవాళ్లు దూది బొమ్మలు తెచ్చుకుంటారు. మంచుకు తడవకుండా ప్లాస్టిక్ సంచిలో కట్టి తెమ్మని జట్టువాళ్లు ముందే చెబుతారు. సొంత జట్టు మొదటి గోల్ కొట్టేదాకా ఎవరూ విసరకూడదు. గోల్ పడిందా, ఇక నాలుగు వైపుల నుంచీ వానే. ఆట ఆగిపోతుంది. ఆటగాళ్లు, కార్యకర్తలు కలిసి ఎత్తి పోగులు వేస్తారు. వాటిని లెక్కపెట్టి ఆ చుట్టుపక్కల పిల్లల కోసం పనిచేసే సేవా సంస్థలకు పంపుతారు.

2018 డిసెంబరులో 34,798 బొమ్మలు వచ్చాయి. 2019లో 45,650. 2022లో 52,341. 2023లో 67,309. 2024లో 74,599. 2025 జనవరి 5న 1,02,343. అప్పటికి ప్రపంచంలో అదే ఎక్కువ. ఆ స్టేడియంలో పట్టేది సుమారు 10,500 మంది. లెక్క చేయండి, మనిషికి దాదాపు పది. అంటే జనం చేతిలో ఒక బొమ్మ పట్టుకుని రావడం లేదు, సంచులకు సంచులు మోసుకొస్తున్నారు. బళ్లు, ఆఫీసులు, చర్చిలు నెలల ముందు నుంచే పోగు చేస్తే తప్ప ఇంత లెక్క రాదు.

ఇది మంచి పనే. కాదనను. కానీ నా మనసులో ఒక ముల్లు ఉంది, దాచుకోను. నేను హాస్టల్‌లో ఉన్న రోజుల్లో చలికాలం ఒక సంఘం వాళ్లు దుప్పట్లు పంచడానికి వచ్చేవారు. పేరు అనవసరం. సాయంత్రం నాలుగుకే వరసలో నిలబెట్టేవారు. వాళ్లు వచ్చేసరికి ఏడు దాటేది. ఫొటోగ్రాఫరు బల్బు వెలగకపోతే ఇచ్చిన దుప్పటి వెనక్కి తీసుకుని మళ్లీ ఇచ్చేవారు. దుప్పటి వెచ్చగానే ఉండేది. నాకు గుర్తున్నది మాత్రం రెండోసారి చెయ్యి చాపడం. అందుకే హెర్షీ పద్ధతిలో నాకు నచ్చింది ఒకటే. విసిరినవాడికి అది ఎవరికి చేరిందో తెలియదు, తీసుకున్న పిల్లకు ఎవరు విసిరారో తెలియదు. ఎవరూ ఎవరికీ చెయ్యి చాపక్కర్లేదు.

జట్టు ఎవరిది?

ఇప్పుడు అసలు సంగతి. మిల్టన్ హెర్షీ 1857లో ఆ ప్రాంతంలోనే పుట్టాడు. నాలుగో తరగతితోనే బడి ఆగిపోయింది. ఫిలడెల్ఫియాలో, న్యూయార్క్‌లో మిఠాయి వ్యాపారం పెట్టి దివాలా తీశాడు. తర్వాత లాంకాస్టర్‌లో పాకం బిళ్లల వ్యాపారం కలిసొచ్చింది. దాన్ని 1900లో పది లక్షల డాలర్లకు అమ్మి చాక్లెట్ మీద పడ్డాడు. ఫ్యాక్టరీ కట్టాడు, దాని చుట్టూ ఊరు కట్టాడు.

ఆయనకూ భార్య కేథరిన్‌కూ పిల్లలు లేరు. 1909 నవంబరు 15న ఇద్దరూ కలిసి ఒక దస్తావేజు రాసి అనాథ బాలురకు వసతి పాఠశాల పెట్టారు. మొదటి పిల్లలు ఆయన పుట్టిన ఇంట్లోనే ఉన్నారు. 1915లో కేథరిన్ చనిపోయింది. 1918లో ఆయన చాక్లెట్ కంపెనీ షేర్లతో సహా తన ఆస్తిని, అప్పటి విలువలో సుమారు ఆరు కోట్ల డాలర్లు, ఆ పాఠశాల ట్రస్టుకు రాసిచ్చాడు. ఐదేళ్ల దాకా లోకానికి తెలియనే లేదు. 1923లో పత్రికలో వచ్చింది.

హాకీ స్టేడియం కూడా ఆయన హయాంలోదే. 1930ల మాంద్యంలో ఊరివాళ్లకు పని దొరకాలని కట్టించిన వాటిలో అది ఒకటి. 1936లో పూర్తయింది. ఏడు వేల మందికి పైగా పట్టే ఆ భవనానికి మధ్యలో ఒక్క స్తంభం లేదు, పైకప్పు మొత్తం వంపు తిరిగిన కాంక్రీటు పెంకు. 2002 దాకా ఎలుగుబంట్లు అక్కడే ఆడాయి. ఆ ఊరంతా పంచదారే అనుకోకండి. 1937లో కార్మికులు ఫ్యాక్టరీలోనే కూర్చుని సమ్మె చేస్తే పాల రైతులూ, సమ్మెకు ఎదురు నిలిచిన కార్మికులూ లోపలికి దూరి వాళ్లను కొట్టి బయటికి తరిమారు.

నేడు ఆ జట్టు యజమాని హెర్షీ వినోద, విడిది కంపెనీ. ఆ కంపెనీ యజమాని హెర్షీ ట్రస్టు. ట్రస్టు ఉన్నది మిల్టన్ హెర్షీ పాఠశాల కోసం. అంటే మంచు మీద గోల్ పడినప్పుడు చప్పట్లు కొట్టేవాడి టిక్కెట్ డబ్బు వెళ్లే పద్దు, మెట్టు మెట్టుగా పైకి చూస్తే, పేద పిల్లల హాస్టల్ పద్దు. బొమ్మల వాన ఏడాదికి ఒక్కరోజు. ఈ పద్దు 365 రోజులూ నడుస్తుంది. దీనికి ఎవరూ ఫొటో తీయరు.

ఆ పాఠశాలలో చదువు, తిండి, బట్టలు, వైద్యం అన్నీ ఉచితం. సుమారు రెండు వేల మంది పిల్లలు. వాళ్లను పెద్ద హాళ్లలో పడుకోబెట్టరు. పది మంది అటూ ఇటూగా ఒక ఇల్లు, ఆ ఇంటికి తల్లిదండ్రుల్లా ఒక జంట. మన డార్మిటరీలో ఒకరి మోకాలు ఒకరి వీపుకు తగిలేలా పడుకున్నవాళ్లకు ఈ ఒక్క వాక్యం చాలు.

అయితే ఆ తలుపు అందరికీ తెరిచింది కాదు. 1909 దస్తావేజులో తెల్లజాతి బాలురు అని రాసి ఉంది. అక్షరాలా అదే. నల్లజాతి పిల్లలు అడుగు పెట్టడానికి 1960ల చివరిదాకా ఆగాల్సి వచ్చింది, అమ్మాయిలు 1970ల దాకా. అంత దయగల మనిషి కలంలో కూడా ఆ మాట పడింది. మన తాతలు బడి బయట కూర్చుని పాఠం విన్న సంగతి తెలిసినవాళ్లం కాబట్టి ఈ వాక్యం దగ్గర ఆగకుండా ముందుకు పోలేం. ట్రస్టు ఆస్తి నేడు వెయ్యి కోట్ల డాలర్లు దాటింది, ఇంత ఆస్తికి ఇంకా ఎక్కువమంది పిల్లలను చేర్చుకోవచ్చు కదా అన్న విమర్శ కూడా ఉంది.

2002లో ఏం జరిగింది?

ఆ ఏడాది వేసవిలో ట్రస్టు చాక్లెట్ కంపెనీలో తన పెత్తనాన్ని అమ్మకానికి పెట్టింది. ఆస్తంతా ఒకే కంపెనీలో ఉండటం పాఠశాలకు ప్రమాదమని దాని వాదన. ఊరు భగ్గుమంది. ఇళ్ల ముందు పచ్చికలో అమ్మకానికి వ్యతిరేకంగా బోర్డులు లేచాయి. కార్మికులు ఊరేగింపు తీశారు. పాఠశాల పూర్వ విద్యార్థులు కూడా కదిలారు. మేం తిన్న అన్నం ఎక్కడి నుంచి వచ్చిందో మాకు తెలుసు, మాకు చెప్పకుండా దాన్ని అమ్మడానికి మీరెవరు అన్నది వాళ్ల ప్రశ్న సారాంశం. రాష్ట్ర అటార్నీ జనరల్ కోర్టుకెక్కాడు. ట్రస్టుల తగాదాలు విచారించే ఆ కోర్టు పేరు ఆర్ఫన్స్ కోర్టు, అంటే అనాథల కోర్టు. అమ్మకాన్ని ఆపమని ఉత్తర్వు వచ్చింది. రిగ్లీ కంపెనీ 1,250 కోట్ల డాలర్లు ఇస్తానన్నా సెప్టెంబరులో ట్రస్టు వెనక్కి తగ్గింది. మరుసటి నెలలో ఎలుగుబంట్లు కొత్త స్టేడియంలో ఆట మొదలుపెట్టాయి.

మన హాస్టల్ వెనక మిల్టన్ హెర్షీ లేడు. మనది ప్రభుత్వ బడ్జెట్. ప్రజల పన్నుల నుంచి, అసెంబ్లీ ఓటు వేసిన పద్దు నుంచి వస్తుంది. ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళిక నిధులకు 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చట్టమే చేశారు, తెలంగాణ 2017లో వేరే చట్టం తెచ్చుకుంది. ఇది ఎవరో విసిరిన బొమ్మ కాదు కనుక దీనికి థాంక్యూ చెప్పే వరస లేదు. లెక్క అడిగే వరస ఉంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పాఠం చివర ప్రశ్నలు ఉండాలి కదా. ఇవిగో మూడు. ఒకటి, ఒక విద్యార్థికి నెలకు మెస్ చార్జీ ఎంత, అది చివరిసారి ఏ సంవత్సరం పెరిగింది? రెండు, మన హాస్టల్ స్థలం పట్టా ఎవరి పేరున ఉంది? మూడు, 1,02,343ను 10,500తో భాగిస్తే దశాంశం తర్వాత మొదటి అంకె ఎంత? మూడోది ఏడో తరగతి వాళ్లు చెప్పాలి. మొదటి రెండింటికీ జవాబు వార్డెన్ గారి రిజిస్టర్లలో దొరుకుతుంది. అక్కడ దొరకకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టవచ్చు. దరఖాస్తు రాయడం రాకపోతే ఆదివారం మధ్యాహ్నం రండి, కూర్చుని రాద్దాం.