వరి జన్యువుల సవరణ – విద్యార్థుల అభ్యాసము

కాటన్‌దొర సన్నాలు (ఎం.టి.యు. 1010) గోదావరి డెల్టా రైతులకు చిరపరిచితమైన వరివంగడము. 1925లో స్థాపితమైన మార్టేరు పరిశోధనా స్థానమున రూపొందినది. ఈ వంగడముననే ఒక జన్యువును సవరించి, ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థవారు ‘పూసా డి.ఎస్.టి. వరి 1’ను తయారుచేసిరి. 2025 మే 4వ తేదీన కేంద్ర వ్యవసాయమంత్రి దానిని ప్రకటించిరి. ఇది ఉప్పునేలలకును, నీటి యెద్దడికిని ఓర్చునని తెలిపిరి. సముద్రపు పోటు, రొయ్యల చెరువుల ఊట తగులు తీరగ్రామముల పంచాయతీ సభ్యులు ఈ విద్య యెట్టిదో, దానిని విద్యార్థులెట్లు నేర్చుకొందురో తెలిసికొనుట అవసరము.

వరి మొక్క ప్రతి కణములోను దాని స్వభావమును నిర్ణయించు లిపి యొకటి గలదు. అందలి అక్షరములు ఎ, టి, జి, సి అను నాలుగే. వ్రాత మాత్రము సుమారు 40 కోట్ల అక్షరముల పొడవు. ‘కాస్ 9’ అను మాంసకృత్తు ఆ లిపిని కత్తెరవలె ఖండించును. ఎచ్చట ఖండింపవలెనో చూపుటకు 20 అక్షరముల ‘గైడ్’ను జతచేయుదురు. ఈ సాధనమును 2012లో వెల్లడించిన షార్పెంతియే, డౌడ్నా అను శాస్త్రజ్ఞురాండ్రకు 2020లో నోబెల్ బహుమానము లభించినది.

విద్యార్థికి మొదటి పాఠము కంప్యూటరు తెరమీద జరుగును. జన్యువు లిపిని తెరపై పరచుకొని, 20 అక్షరముల వెనుక ఒక అక్షరము విడిచి రెండు ‘జి’లు వరుసగా వచ్చు చోటును వెదకవలెను. ఆ గుర్తు లేనిచో కత్తెర పట్టదు. అదే వరుస మరియొక చోట నున్నచో అక్కడ కూడ తెగు ప్రమాదము గలదు గనుక, దానిని సరిచూడవలెను. తెరపై తప్పు చేసినను నష్టము లేదు. కేంద్ర విద్యాశాఖ పోషించు ‘వర్చువల్ ల్యాబ్స్’ వంటి ఏర్పాట్లవలన, ఖరీదైన పరికరములు లేని కళాశాలలవారును అనేక ప్రయోగములను ఇట్లు అభ్యసింపగలుగుచున్నారు.

అయినను తెర చేతికి పని నేర్పదు. గింజనుండి కణముల ముద్దను పెంచుట, దానికి కత్తెర జన్యువు నందించుట, ముద్దనుండి మొలకను రప్పించుట నెలల పని. ఎంత జాగ్రత్తపడినను కొన్ని సీసాలు బూజుపట్టి పారవేయవలసియే యుండును. తరువాతి తరములో సవరణ నిలిచి, కత్తెర జన్యువు లేని మొక్కలనే యేరుదురు. కావున పరజాతి జన్యువు మిగులదు. ఇట్టి మొక్కలకు కేంద్రప్రభుత్వము 2022లో జన్యుమార్పిడి పంటల నిబంధనలనుండి మినహాయింపు నిచ్చినది. డి.ఎస్.టి. జన్యువు పనిచేయకున్నచో ఆకుపై రంధ్రములు తగ్గి, ఆకున నీరు నిలుచును.

పొలమున ఫలితమెట్లు? తీరపు ఉప్పునేలలలో మాతృవంగడముకన్న సుమారు 30 శాతము అధిక దిగుబడి యని ప్రకటించిరి. జన్యుమార్పిడి పంటలను వ్యతిరేకించు సంఘములు ఆ అంకెలను 2025లోనే ఆక్షేపించినవి. వ్యవసాయ పరిశోధనా మండలి ఆ ఆక్షేపణలను త్రోసిపుచ్చినది. విత్తనము గ్రామమునకు వచ్చిననాడు, ఎంత ఉప్పుగల నేలలో, ఎన్ని పంటకాలములు పరీక్షించిరో సభ్యులు వ్యవసాయాధికారిని అడుగవలెను. ఒకే చేనిలో కాటన్‌దొర సన్నాలొక మడియందు, క్రొత్తది వేరొక మడియందు వేయించి, గ్రామమున ఇంటర్మీడియెట్ జీవశాస్త్రము చదువు బాలబాలికలచే పిలకలను, కంకులను లెక్కింపించుట మంచిది.