ఇండోర్ ఆటల ఫొటోలు మసకగా వస్తున్నాయా?

ప్రశ్న: మా అమ్మాయి హైస్కూల్ బ్యాడ్మింటన్ జట్టులో ఆడుతుంది. కర్నూలులో, కడపలో ఇండోర్ స్టేడియాల్లో నేను తీసిన ఫొటోలన్నీ అలికినట్టు వస్తున్నాయి. కెమెరాతో వచ్చిన 18-55 లెన్స్ ఒక్కటే ఉంది. ఏం చేయాలి?
– ఒక తల్లి, కడప

జవాబు: మన సీమ ఎండలోంచి హాల్లోకి వెళ్లిన కంటికి అక్కడి వెలుతురు చాలనే అనిపిస్తుంది. కెమెరాకు చాలదమ్మా. షట్టర్ వేగం సెకనులో 500వ వంతుకు తగ్గనివ్వకండి. తగ్గితే రాకెట్ పట్టిన చెయ్యి చెదిరిపోతుంది. ఐఎస్ఓ 3200కు, అవసరమైతే 6400కు పెంచండి. ఫొటో గరుకుగా వస్తుంది, రానివ్వండి. గరుకుదనాన్ని తర్వాత కంప్యూటర్‌లో చాలావరకు తగ్గించుకోవచ్చు. కదిలిపోయిన ముఖాన్ని బాగుచేయడం కష్టం.

కొంత ఖర్చు పెట్టగలిగితే 50 మి.మీ. ఎఫ్/1.8 లెన్స్ కొనండి. మీ లెన్స్ పూర్తిగా జూమ్ చేస్తే ఎఫ్/5.6 దగ్గర ఆగుతుంది. దానికంటే ఇది దాదాపు పది రెట్ల వెలుతురు లోపలికి తెస్తుంది. కొత్త కెమెరా ఆలోచన దీని తర్వాతే.

ఒక ఫొటో తెల్లగా, మరుసటిది పసుపుగా వస్తోందంటే కారణం దీపాలు. మన కరెంటు 50 హెర్ట్‌జ్. పాతరకం ట్యూబులైట్లు, మెటల్ హాలైడ్ దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. కెమెరాలో యాంటీ ఫ్లికర్ ఉంటే ఆన్ చేయండి. లేకుంటే వరసగా నాలుగైదు తీసి మంచిది ఏరుకోండి.

ఫ్లాష్ మాత్రం వాడొద్దు. షటిల్ మీదే చూపు నిలిపిన పిల్లల కళ్లు చెదురుతాయి.