కోళ్ళకు కొత్త తరహా టీకా మందు

తిరుపతి, చిత్తూరు ప్రాంతములలో కోళ్ళ షెడ్డు అనేక కుటుంబములకు జీవనాధారము. మూడు నాలుగు వారముల పిల్లలు దిగులుగా కూర్చుండి, తెల్లగా నీళ్ళ విరేచనములు చేసి, నాలుగు రోజులలో గుంపుగా చచ్చినచో అది గంబోరో వ్యాధి కావచ్చును. అమెరికాలోని ఒక ఊరి పేరే దీనికి వచ్చినది. 1962లో దీనిని మొదట వర్ణించిరి. ఈ వైరసు పిల్ల ఆసనమునకు పైన నుండు 'బర్సా'ను పాడుచేయును. పిల్లకు రోగ నిరోధక శక్తి నిచ్చునది అదియే. కావున బ్రతికిన పిల్లలకు కొక్కెర తెగులు టీకా వేసినను సరిగా పట్టదు.

నేడు ఎక్కువగా వాడు టీకాలలో బలహీనపరచిన సజీవ వైరసు ఉండును. శాస్త్రజ్ఞులు మరియొక మార్గము కనుగొనిరి. వైరసు పైతొడుగులో వి.పి.2 అను మాంసకృత్తు కలదు. దానిని తయారుచేయు జన్యువు నకలును, హాని చేయని ప్రయోగశాల ఇ.కోలై బాక్టీరియాలో చేర్చుదురు. అనుకూల పరిస్థితులలో ఈ బాక్టీరియా సుమారు 20 నిమిషములకు రెండింతలగును. చెంచాడు తోడు కుండెడు పాలను పెరుగు చేసినట్లు, కొద్ది విత్తుతో తొట్టి నిండును. అందులోని మాంసకృత్తును వేరుచేసి, శుద్ధిచేసి, నూనెతో కలిపి సూదిమందు చేయుదురు. ఇందులో వైరసే లేదు గనుక దీనివలన వ్యాధి రాదు.

ఇది వింత కాదు. మనుష్యులకిచ్చు ఇన్సులిన్ 1982 నుండి బాక్టీరియాతో తయారై అమ్మకమునకు వచ్చినది. 1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ వారు హెపటైటిస్-బి టీకాను ఈస్టుతో తయారుచేసిరి.

అయినను లోపములు లేకపోలేదు. కొక్కెర వైరసు మాంసకృత్తులకు చక్కెర అణువులు అంటియుండును, మామూలు ఇ.కోలై వానిని అంటింపలేదు. పైగా ఇట్టి మందును నీటిలో త్రాగింప వీలులేదు. ప్రతి పిల్లకు సూది వేయవలెను.

కావున కొత్త మందు వచ్చునని ఉన్న టీకా మానరాదు. 5-7 రోజుల వయస్సున కొక్కెరకు లసోటా లేక ఎఫ్ రకము కంటిచుక్క వేయింపుడు. గంబోరో టీకా ఏనాడు వేయవలెనో పశువైద్యుని అడుగుడు. మందును 2-8 డిగ్రీల చలిలో ఉంచి, మంచుపెట్టెలో తెచ్చి, కలిపిన 2 గంటలలో ముగింపుడు. ఎండ తగిలిన మందు వేసినను వేయనట్లే.

గ్రామోద్యోగులు కోళ్ళ చావు విన్నవెంటనే పశువైద్యశాలకు తెలుపవలెను. చచ్చిన కోళ్ళను కాలువలో పారవేయక, సున్నము చల్లి లోతుగా పాతిపెట్టింపవలెను. సందేహములున్నచో 1955లో తిరుపతిలో నెలకొల్పిన పశువైద్య కళాశాలవారిని అడుగవచ్చును.